పంక్తిభేదము లేని భక్తి

హౌరానుండి శ్రీరామపురము వైపు సాగు రైలుమార్గమున మొదట వచ్చు స్టేషను లిలువా. 1900లో అచ్చట నెలకొన్న రైలుపెట్టెల కర్మాగారమువలననే ఆ ఊరిపేరు దేశమునకు తెలిసినది. దానితో సాహిత్యమునకు పని యేమని ఎవరైన అడుగవచ్చును. కాని లిలువా దాటగనే బేలూరు వచ్చును. మరికొన్ని స్టేషన్లు గడచినంతనే, సేరంపూరను పేర మన పూర్వులెరిగిన శ్రీరామపురము వచ్చును. తెలుగునాటికి ఇన్ని వందల మైళ్ళ దూరమున, ఈ పొట్టిదారి చివరనే, తెలుగు క్రైస్తవ వాఙ్మయపు తొలి అచ్చుపుస్తకములు కొన్ని పుట్టినవి. తరువాతి కాలమున గంజాము, విశాఖపట్టణము మండలములనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన తెలుగువారు ఈ హుగ్లీ ఒడ్డులందలి జనపనార మిల్లులలో పనిచేసిరి. తెలుగు క్రైస్తవ కవిత్వమును గూర్చిన విచారమును గుంటూరునుండి గాక ఇచ్చటినుండి ఆరంభించుటకు మరియొక కారణము కూడ కలదు. గుండెలో దాగిన విశ్వాసమునకును, నలుగురి నడుమ నిలిచిన విశ్వాసమునకును గల అంతరము స్పష్టముగా కనబడిన ఘట్టమొకటి ఈ ఒడ్డుననే జరిగినది.

శ్రీరామపురము అప్పుడు డేనిష్‌వారి అధీనమున నుండెను. 1800 సంవత్సరము చివర కృష్ణపాల్ అను వడ్రంగి భుజము తొలగి బాధపడుచుండగా, మిషనరీలలో వైద్యుడైన జాన్ తామస్ దానిని సరిచేసెను. వారి బోధను అతడు వినుచు వచ్చెను, నమ్మెను. అంతవరకు ఊరివారికి పట్టలేదు. డిసెంబరు 22న అతడు మిషనరీలతో కలిసి భోజనము చేసెను. అప్పుడు ఊరు లేచినది. జనులు గుమిగూడి అతనిని అధికారియొద్దకు ఈడ్చుకొనిపోయిరి. అధికారి అతనిని విడిచిపుచ్చెను. డిసెంబరు 28న హుగ్లీనదిలో విలియం కేరీ అతనికి జ్ఞానస్నానమిచ్చెను. 1803లో ఈ వడ్రంగి కుమార్తెను, క్రొత్తగా క్రైస్తవుడైన కృష్ణప్రసాద్ అను బ్రాహ్మణయువకుడు పెండ్లాడెను.

ఈ కథలో గమనింపదగినది క్రమము. కృష్ణపాల్ ఏమి నమ్మెనో లోకమునకు అక్కర లేకపోయెను. ఈ దేశమున ఎవడు మనస్సులో దేనిని కొలిచినను అడ్డుచెప్పువారు తక్కువ. ఎవరి పంక్తిని కూర్చుండెనన్నదే అడుగబడిన ప్రశ్న. నదిలో మునుగుటకు ఆరు దినములు ముందుగనే అతని విశ్వాసము విస్తరి ముందట బయటపడినది.

పంక్తియను మాటకు మన భాషలో రెండర్థములు గలవు. భోజనమునకు కూర్చున్న వరుసయు పంక్తియే, పద్యమున అక్షరముల వరుసయు పంక్తియే. అందువలన క్రైస్తవ కవిత్వమును గూర్చి విమర్శకుడు అడుగవలసిన ప్రశ్న కూడ ఇచ్చటనే దొరకుచున్నది. కవి తన దేవుని పేరు చెప్పెనా లేదా యనునది సులభమైన ప్రశ్న. అతని పంక్తిలో ఎవరికి చోటు దొరికినదనునది కష్టమైనది.

శ్రీరామపురపు ముద్రణాలయము తెలుగునకు చేసిన సేవ చరిత్రలో గొప్పది, సాహిత్యములో చిన్నది. విశాఖపట్టణమునకు 1805లో వచ్చిన లండను మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్. వీరిలో క్రాన్ 1809లోను, డెగ్రాంజ్ 1810లోను మరణించిరి. డెగ్రాంజ్ తెలిగించిన మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చయినవి. ఆ సంవత్సరము మార్చిలోనే ముద్రణాలయము కాలిపోయినది. కేరీ తెలుగు వ్యాకరణము 1814లోను, క్రొత్త నిబంధన 1818లోను వెలువడినవి. ఆ పూనికకు నమస్కరింపవలసినదే. ఐనను ఆ అనువాదపు తెలుగు తెలుగువాని నోట నిలువలేదు. మాటలు తెలుగువి, ఊపిరి వేరొకటి. పుస్తకము అందరికి పంచబడినను భాష పరాయిదైనచో, విశ్వాసము చదువరి చేతిలో నుండును గాని నాలుకమీదికి రాదు.

దానిని నాలుకమీదికి తెచ్చినవాడు పురుషోత్తమ చౌదరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతమున పుట్టి 1890 వరకు జీవించిన ఈ కవి వంశము వంగదేశమునుండి వచ్చినదందురు. బ్రాహ్మణుడు, సంస్కృతమును, తెలుగును, ఓఢ్రమును ఎరిగినవాడు. 1833లో జ్ఞానస్నానము పొందెను. ఆ కాలమున బ్రాహ్మణుడు అట్టి పని చేయుట యనగా ఇల్లును, కులమును ఒక్క దినమున పోగొట్టుకొనుటయే. అంత మూల్యమిచ్చినవాడు తన భాషను కూడ విడిచిపెట్టి, మిషనరీ వాడుకలోని పొడిమాటలతో సరిపెట్టుకొనియుండవచ్చును. అట్లు జరుగలేదు. అతడు కీర్తన చేపట్టెను, శతకము చేపట్టెను.

'యేసు నాయక శతకము' అను పేరు చూచినంతనే రూపమేమో తెలియును. శతకమునకు ప్రాణము మకుటము. ప్రతి పద్యమును ఎచ్చటెచ్చట తిరిగివచ్చినను, చివర కవి ఒక పేరు పిలువక తప్పదు. ఒక పద్యములో సంశయము, ఒకదానిలో పశ్చాత్తాపము, మరొకదానిలో లోకముమీద కోపము. పేరు మాత్రము మారదు. గూఢముగా నమ్మినవాడు వ్రాయలేని ప్రక్రియ యిది. మన శతకకారులు ధర్మపురి నరసింహునో, భద్రాద్రి రామునో పిలిచిన ఆ చోటున చౌదరి క్రీస్తును పిలిచెను. ఇది ఇతర మతమువారి మందిరమును పడగొట్టుట గాదు. తెలుగు పద్యమను మండపమున తనకు కూడ ఒక స్తంభమున్నదని చూపుట.

కీర్తనలలో ఈ సంగతి మరింత స్పష్టము. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను సంపుటము తెరచినచో పాటపాటకును రాగము, తాళము నిర్దేశింపబడియుండును. పల్లవి, అనుపల్లవి, చరణములు మన వాగ్గేయకారుల పద్ధతినే నడచును. దైవమును నిలదీయుట, బతిమాలుట, అలుగుట, మరల పాదములబడుట రామదాసు పాటలు వినిన చెవికి క్రొత్తవి గావు. చౌదరి వాటిని అరువు తెచ్చుకొనెననుటకంటె తన పుట్టింటి సొత్తుగా వెంటబెట్టుకొని వచ్చెననుట న్యాయము. లూథరనులు, బాప్టిస్టులు, దక్షిణ ఇండియా సంఘమువారు సిద్ధాంతములలో ఎన్ని విధముల విడిపోయినను ఈ పాటలయొద్ద కలిసికొందురు. ఖరగ్‌పూరువంటి రైలుపట్టణములలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు, తమ బడిలో తెలుగు లేకున్నను, ఆదివారమునాటి ఈ కీర్తనలే తెలుగుగా మిగిలిన సందర్భములు గలవు.

ఐనను చౌదరి కృతులన్నియు ఒక్క ఎత్తునకు చేరినవి గావు. 'కులాచార పరీక్ష' వంటి రచనలలో అతడు వాది. వాదమునకు ఎదుటివాడు కావలెను, ఓడిపోవలెను. కులమును ప్రశ్నించుటలో ఆ వాదమునకు ధర్మబలము లేకపోలేదు. గాని గెలుచుటకై వ్రాసిన వాక్యములో అతిథికి పీట యుండదు. పాటలో ఓడిపోవువాడు కవియే. అందుచేతనే ఖండనగ్రంథములు అరలలో నిలిచినవి, పాటలు నోళ్ళలో నిలిచినవి. బహిరంగమైన విశ్వాసమంతయు ఉదారమైనది గాదనుటకు చౌదరి గద్యమును, ఉదారమైనది ఎట్లుండునో తెలియుటకు అతని గేయమును ప్రక్కప్రక్కన చదివినచో చాలును.

ఈ సందర్భమున వంగకవి మైకేల్ మధుసూదన దత్తును తలపక తప్పదు. 1843లో కలకత్తాలో అతని జ్ఞానస్నానము నగరమంతయు మాటలాడుకొనిన సంఘటన. దానితో తండ్రికి దూరమయ్యెను. తన పేరునకు ముందు మైకేల్ అని చేర్చుకొనెను. అంత బాహాటముగా మతము మార్చిన ఈ కవి 1861లో ప్రకటించిన మహాకావ్యము 'మేఘనాదవధ'. అందు అతని కన్నీరు రావణుని ఇంట కురిసినది. క్రీస్తు అతని కావ్యమునకు రాలేదు. మరాఠీలో నారాయణ వామన తిలక్, తమిళములో కృష్ణపిళ్ళె తమ విశ్వాసమును కావ్యమునకు తెచ్చిరి. ఆ మార్గము మనకు తెలిసినదే. దత్తు మార్గమే విచిత్రము: రిజిస్టరులో బహిరంగము, కవిత్వములో మౌనము. దీనికి సరిగా తలక్రిందైన మార్గమున నడచిన తెలుగుకవి ఒకడు గలడు.

అతని యొద్దకు పోవుటకు ముందు ఒంగోలు ప్రాంతమును చూడవలెను. అచ్చట తాళ్ళకొండపాడునకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య మాదిగ. తోళ్ళ వ్యాపారము చేసినవాడు, రాజయోగ సాధన చేసినవాడు. ఏలూరు వైపు ప్రయాణములో మిషనరీల బోధ విని, కొంతకాలము తనలోనే దానిని మోసికొని తిరిగి, 1866లో భార్యతో కూడ జ్ఞానస్నానము పొంది, తన వారి గూడెములకు దానిని తీసికొనిపోయెను. అదే కాలమున ఒంగోలు మిషనరీ జాన్ క్లౌకు పరీక్ష వచ్చినది. మాదిగలను చేర్చుకొనినచో తాము రామని అగ్రవర్ణములవారు తెలిపిరి. క్లౌ మాదిగల పక్షమున నిలిచెను. 1876-78 కరవు తరువాత, 1878 జూలై 3న ఒక్క దినముననే గుండ్లకమ్మలో 2222 మంది జ్ఞానస్నానము పొందిరి. పేరయ్య వంటివారి కథలు 1899లో 'చెప్పులు కుట్టుచుండగా' అను అర్థము గల పేరుతో ఆంగ్లమున గ్రంథమైనవి. తెలుగులో ఆ కథలకు అప్పటికి కవి లేడు.

ఆ గ్రంథమునకు నాలుగేండ్లు ముందుగా, 1895లో, వినుకొండలో గుర్రం జాషువా పుట్టెను. తండ్రి యాదవుడు, తల్లి మాదిగకులపు క్రైస్తవురాలు. ఈ బాలునికి విశ్వాసము పుట్టుకతోనే వచ్చినది. వెదకికొనవలసిన అక్కర లేదు. వెదకవలసివచ్చినది పంక్తిలో చోటు. పద్యము చదివినందుకు సభలో అవమానించిన సవర్ణులున్నారు. హిందూపురాణములు చదివినందుకు వెలివేసిన క్రైస్తవులున్నారు. ఒకరు అతని కులము చూచి తలుపు మూసిరి, మరియొకరు అతని పుస్తకములు చూచి మూసిరి. జూపూడి హనుమచ్ఛాస్త్రి అతనికి కాళిదాసు కావ్యములు చెప్పెను. ఆ దయను కూడ ఈ కథలోనే లెక్కింపవలెను.

ఇట్టి స్థితిలో ఒక కవి తన ఇంటి దేవుని గుట్టుగా కొలుచుకొనుచు, వీధిలో ఏ మతము మాటయు ఎత్తకుండ నుండిపోవచ్చును. లేదా తనను వెలివేసిన సంఘముపై కోపముతో విశ్వాసమునే విడిచివేయవచ్చును. జాషువా రెండును చేయలేదు. 1932లో 'ఫిరదౌసి' వ్రాసి, గజనీ సుల్తాను మోసగించిన పారసీక కవి పక్షమున దుఃఖించెను. 1941లో 'గబ్బిలము' వ్రాసెను. కాళిదాసు యక్షునికి మేఘము దొరికినది. అరుంధతీసుతుడైన అస్పృశ్యునికి దొరికినది గబ్బిలము. గుడిలోనికి అతడు పోరాదు, గబ్బిలము పోవచ్చును; పూజారి లేని సమయమున శివుని చెవిలో అతని ఆకలిని చెప్పవచ్చును. ఈ కల్పనలోని తీవ్రత గూర్చి విమర్శకులు చాల వ్రాసిరి. వ్రాయవలసినంతగా వ్రాయని సంగతి యొకటున్నది. ఈ మొర పెట్టించినవాడు క్రైస్తవగృహమున పుట్టినవాడు. మొర విన్నవింపబడినది కాశీ విశ్వనాథునికి. తన దేవుడు వినుచున్నాడు గదా యని అతడు తృప్తిపడలేదు. ఎవని గుడి తలుపు ఆ పేదవానికి మూయబడెనో, ఆ దేవునినే అడిగించెను. కావ్యమున క్రీస్తు నాయకుడు గాడు. కాని ఆకలిగొన్నవాని యందు దైవమును చూడుమన్న సువార్త ఆ పద్యముల క్రింద నేల వలె పరచుకొని యున్నది.

1958లో 'క్రీస్తు చరిత్ర' వచ్చినది. కవికి అప్పటికి అరువదిమూడేండ్లు. అనగా జాషువా కవిత్వమున ఔదార్యము ముందు వచ్చినది, నామోచ్చారణము తరువాత వచ్చినది. మధుసూదన దత్తుతో పోల్చినపుడు ఈ క్రమభేదము యొక్క విలువ తెలియును. పదుగురి దుఃఖమును పాడి, పరులచే కవిగా అంగీకరింపబడిన తరువాత, తన ఇంటి దీపమును అతడు వాకిటికి తెచ్చి పెట్టెను. ఇది తన సంఘమువారి కొరకు మాత్రము వ్రాసిన గ్రంథము గాదని దాని ఛందస్సే చెప్పుచున్నది. ఇతిహాసములను, ప్రబంధములను చదివిన తెలుగువానికి అలవాటైన పద్యములోనే గలిలయ కథ నడచినది. అంతకు ముందే, 18వ శతాబ్దిలో, మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయనము'న క్రీస్తుకథను ప్రబంధముగా చెప్పెను. జాషువా నడచినది ఆ పాత బాటయే. బాట ప్రక్కన అతనికి కనబడిన మనుష్యులు వేరు.

ఈ కావ్యమునకు 1964లో సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది. అది న్యాయమే. ఐనను కావ్యముగా 'గబ్బిలము'నకు ఇది సాటి రాదని చెప్పుట అపచారము గాదు. సువార్తల క్రమమును అనుసరింపవలసి వచ్చుటచే కవి స్వేచ్ఛ కొంత బిగిసినది. భక్తి ఎక్కువైన చోట వర్ణన నిలిచిపోవుట, కథకుడు కొంత వినయముగా ప్రక్కకు తప్పుకొనుట సహజముగా జరుగును. జాషువాకు వినయముకంటె ధిక్కారమే బాగుగా నప్పును. ఆకలిగొన్నవారు, వెలివేయబడినవారు క్రీస్తు చుట్టు చేరు ఘట్టములను చదువునపుడు 'గబ్బిలము' చదివిన పాఠకునికి వెనుకటి గొంతు జ్ఞప్తికి రాక మానదు. ఈ రెండు కావ్యములను విడదీసి చదివినవారికి రెంటిలో సగమే దక్కును.

ఒక ఆక్షేపణ రావచ్చును. లిలువా ప్రక్కనున్న బేలూరులో రామకృష్ణ మఠమువారు ప్రతి సంవత్సరము క్రిస్మసు ముందురాత్రి యేసును పూజింతురు. 1938లో ప్రతిష్ఠింపబడిన అచ్చటి మందిరపు శిల్పమునందు పలు మతముల రీతులు కలిసియున్నవి. జాషువా ఔదార్యము కూడ అట్టి సర్వమత సమన్వయమే కదా యని అందురు. పోలిక అందమైనది, సరియైనది మాత్రము గాదు. సమన్వయము చేయువాడు ఇంటి యజమాని; అతడు అతిథికి పీఠము వేయును. జాషువా వాకిట నిలువబెట్టబడినవాడు. తనకే చోటు లేనివాడు ఇతరులకు చోటు చూపుట వేరొక విధమైన పని. అన్ని మతములు ఒక్కటే యను నిర్ణయము అతనికి అక్కర లేకపోయెను. గబ్బిలము కాశికి పోయినది తత్త్వచర్చకు గాదు, అన్నమడుగుటకు.

ఆ వాకిట ఒకనాడు తలుపు తెరచుకొనుట కూడ చరిత్రలో నున్నది. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి స్వయముగా జాషువా కాలికి గండపెండేరము తొడిగెను. అవధాన విద్యకు పెద్దదిక్కైన బ్రాహ్మణపండితుడు ఆ పాదమును తాకుటకు సందేహింపలేదు. 1960లో జాషువా కుమార్తె హేమలతను, నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణం సేవాగ్రామమున వివాహమాడెను. గోరా బ్రాహ్మణకుటుంబమున పుట్టి కులమును విడిచినవాడు. 'క్రీస్తు చరిత్ర' వెలువడి అప్పటికి రెండేండ్లే అయినది. క్రీస్తును గూర్చి కావ్యము వ్రాసిన తండ్రి, దేవుడే లేడనువారి ఇంట కుమార్తెను ఇచ్చెను. ఇంటివిషయములు విమర్శకు పనికిరావని కొందరందురు. కాని 1803లో శ్రీరామపురపు వడ్రంగి ఇంట జరిగిన పెండ్లిని చరిత్రకారులు వ్రాసికొనినపుడు, దీనిని విమర్శకులు విడిచిపెట్టనక్కర లేదు.

ఇప్పటి సాహిత్యచరిత్రలలో జాషువాకు ఒక అధ్యాయముండును; దళితకవిగా, పద్యశిల్పిగా అతని స్థానము స్థిరపడినది. అతని విశ్వాసమును మాత్రము చరిత్రకారులు అతని సొంత వ్యవహారముగా ప్రక్కకు జరుపుదురు. చర్చిలోని పాఠకుడు 'క్రీస్తు చరిత్ర'ను తీసికొని 'గబ్బిలము'ను విడుచును. విశ్వవిద్యాలయములోని పాఠకుడు 'గబ్బిలము'ను తీసికొని 'క్రీస్తు చరిత్ర'ను పురస్కారపు పట్టికలో చూచి ఊరకుండును. పురుషోత్తమ చౌదరి గతి ఇంకను విచిత్రము. కీర్తనవాఙ్మయమును గూర్చిన గ్రంథములలో అతనికి ఒక పుట దొరకుట అరుదు. శతకములను పరామర్శించువారు 'యేసు నాయక శతకము'ను తక్కిన శతకముల వరుసలో నుంచి, మకుటమును, శైలిని, తర్కమును తూచి చూచినది తక్కువ. రామదాసు కీర్తనల ప్రక్కన చౌదరి కీర్తనలను పెట్టి, రాగమున కెట్టి మాట, తాళమున కెట్టి విరుపు ఎన్నుకొనెనో పరిశీలించు పనికి కావలసిన సామగ్రి అంతయు అచ్చులోనే యున్నది. ప్రతి ఆదివారము పాడబడుచునే యున్నది.